పడి లేదు

ఏకాంబరం శెట్టి మంచివాడని మీలో ఎవరైనా అనుకుంటే ఈ కథ ఇక్కడే ఆపేయండి. గుడికి దీపాల నూనె ఇచ్చాడు, బడికి బెంచీలు చేయించాడు, ఎండాకాలం చలివేంద్రం పెట్టాడు. అన్నీ నిజమే. నా మొగుడి నడుము విరిచింది కూడా ఆయనే. చేత్తో విరవలేదు. ఒక చెక్కమెట్ల చట్రాన్ని తీసి అవతల పెట్టించి విరిచాడు.

నా పేరు తాయారు. మేము మదరాసుకు వలస వచ్చినవాళ్ళం కాదు. ఎన్ని తరాలుగా ఇక్కడున్నామో మా ముసలమ్మకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. నేనూ, నా మొగుడు మునిరత్నం కొత్వాల్ చావిడి బజారు వెనక శెట్టి గిడ్డంగిలో పనిచేసేవాళ్ళం. వేరుశనగ పప్పు మూటలు బళ్ళ మీద అక్కడికి వచ్చేవి, అక్కడినుంచి హార్బరుకు పోయేవి. మునిరత్నం మూటలు మోసేవాడు. నేను రాలిన పప్పు ఊడ్చి, చెరిగి, మళ్ళీ మూటకెత్తేదాన్ని.

మూటలు ఒకదాని మీద ఒకటి వరసలుగా పేర్చి నెట్టు కడతారు. నెట్టు ఎత్తయ్యేకొద్దీ మనిషి మూటతో ఎక్కడానికి ఒక చెక్కమెట్ల చట్రం ఉండేది. అటూ ఇటూ పట్టుకోవడానికి కట్టెలు, అడుగు ఆనేంత వెడల్పు పలకలు. గిడ్డంగిలో అందరం దాన్ని 'పడి' అనేవాళ్ళం. అరవంలో పడి అంటే మెట్టు. మా నోట్లో ఏది అరవం మాట, ఏది తెలుగు మాట అని ఏరడం మొదలుపెడితే పప్పులో రాళ్ళు ఏరినట్టే, సాయంత్రానికి కళ్ళు పోతాయి.

ఆ ఏడు పప్పు ధర పెరుగుతుందని శెట్టికి ఎవరో చెప్పారు. ఇక గిడ్డంగి నింపడమే నింపడం. నడిచే దారి పోయింది, గాలి వచ్చే కిటికీ పోయింది, చివరికి పడి ఉన్న చోటు మీద ఆయన కన్నుపడింది. అది తీస్తే ఇంకో నలభై మూటలు పడతాయట. తీయించి పెరట్లో గోడకు ఆనించాడు.

"మూటలే మెట్లు. ఎక్కండి రా" అన్నాడు.

ఎక్కారు. ఏం చేస్తారు? ఏడు మణుగుల మూట వీపున వేసుకొని, మూటల అంచులు పట్టుకొని, ఇరవై రెండు వరసలు ఎక్కారు. మూడు నిలువుల ఎత్తు. పైగా పప్పు మూటకు ఎండ తగిలితే నూనె కారుతుంది. గోనె నున్నగా తయారవుతుంది.

శివరాత్రి మర్నాడు పొద్దున పది గంటలప్పుడు మునిరత్నం పై వరసలో మూట దించి, దిగబోయాడు. నేను కింద చేట పట్టుకొని ఉన్నాను. దబ్బుమని చప్పుడైంది. మూట జారిందేమో అనుకున్నాను. మూట పడితే దుమ్ము లేస్తుంది. దుమ్ము లేవలేదు. తిరిగి చూస్తే నా మొగుడు వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"తాయారూ, నాకు కాళ్ళు ఉండాయా చూడు" అన్నాడు.

ఉన్నాయి. రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి. నేను పట్టుకున్న సంగతి అతనికి తెలియడం లేదు.

పెద్దాసుపత్రిలో చేర్చిన మూడో రోజు శెట్టిగారి గుమాస్తా కామేశం కాగితం పట్టుకొని వచ్చాడు. ఎలా జరిగిందో మునిరత్నం నోటితోనే చెప్పించి రాసుకు రమ్మన్నాడట శెట్టి. ఈ కామేశం కాకినాడ వైపు మనిషి, వచ్చి ఏడాదే అయింది. 'మదరాసు మనదే' అని ఊరేగింపుల్లో గొంతు చించుకునేవాడు. మదరాసు ఆయనకు కావాలి, మదరాసు తెలుగు మాత్రం వద్దు. నేను "ఆడ ఉండాది" అంటే చెవిలో తేలు దూరినట్టు మొహం పెట్టేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. బడిపంతులు కావలసినవాడు దారి తప్పి గిడ్డంగిలో పడ్డాడు.

"ఎలా జరిగిందో నీ మాటల్లో చెప్పవయ్యా" అన్నాడు.

మునిరత్నానికి నోరు పెగలడమే కష్టం. "ఆడ పడి లేదు సామీ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "పడి లేదు" అన్నాడు. అంతే, కళ్ళు మూసుకున్నాడు.

కామేశం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. వేలిముద్ర కావాలన్నాడు. మునిరత్నం చెయ్యి లేవలేదు. ఆ బొటనవేలికి సిరా రాసి, కాగితం మీద నొక్కింది నేనే. నాకు చదువు రాదు. ఏం రాశావని అడగాలని కూడా తోచలేదు.

ఎనిమిది రోజుల తర్వాత మూటలు మోసేవాళ్ళ మేస్త్రీ అంతోని శెట్టి దగ్గరికి పోయి, మనిషి నడుము పోయింది, దీనికి నష్టపరిహారం సంగతి చూడమని అడిగాడు. శెట్టి పెట్టె తెరిచి ఆ కాగితం తీశాడు.

"ఇది చూడు. వాడే చెప్పినాడు, ఈడ పడలేదని. వేలిముద్ర గూడా వేసినాడు. ఏడనో తాగి పడి, నా గిడంగిలోకి వచ్చి పండుకున్నాడు."

ఇక్కడే పడ్డాడని మేమెంతమంది చెప్పినా అది కూలివాళ్ళ నోటిమాట, ఆయన చేతిలో ఉన్నది వేలిముద్ర. పైగా తాగి! సారా తాగితే జైల్లో వేసే రోజులవి. ఆ మాట ఊరంతా పాకింది. ఒక కానిస్టేబులు ఆసుపత్రికి వచ్చి, గంజి తప్ప ఎరగని ఆ నోటిని వాసన చూసి పోయాడు. మునిరత్నం వాళ్ళ నాయన తాగుడుకే పోయాడు. అందుకని ఇతను కల్లు కుండ ఉన్న వీధిలో కూడా నడవడు. కాళ్ళు పోయినందుకు ఏడవని మనిషి ఆ రోజు ఏడ్చాడు.

"పడలేదని నేనెందుకు చెప్తా తాయారూ? పడింది నేనే గదా."

కామేశం అమ్ముడుపోయాడని నేను తీర్మానించుకున్నాను. ఇంకేం ఉంటుంది? శెట్టి చెప్పినట్టు రాశాడు. వాళ్ళిద్దరి మీదా పగ పెట్టుకొని మళ్ళీ పనికి పోయాను. "సిగ్గులేదా, అదే గిడంగికి పోతావా?" అని మా పేటలో ఆడవాళ్ళు అడిగారు. కడుపు కోసమని చెప్పాను. అబద్ధం. కళ్ళ కోసం పోయాను. రోజూ శెట్టిని చూడాలి. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చొని విభూతి సర్దుకుంటుంటే నేను ఊడుస్తూ ఊడుస్తూ ఆయన్ని మనసులో ఆ నెట్టు మీదికెక్కించి తోసేదాన్ని. ఒకరోజు వెల్లకిలా, ఒకరోజు బోర్లా. పండుగరోజైతే రెండుసార్లు. అలా తోసినప్పుడల్లా నా ప్రాణం చల్లబడేది. మళ్ళీ ఇంటికి పోయి మునిరత్నాన్ని పక్కకు తిప్పేటప్పటికి ఎప్పటిలాగే మండేది.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అంతోని ఎక్కడెక్కడో తిరిగి లేబరు ఆఫీసునుంచి ఒక ఆఫీసర్ని విచారణకు రప్పించాడు. చిన్నవాడు, అరవవాడు, కళ్ళజోడు. తెలుగు రాదు. గిడ్డంగిలోనే బల్ల వేశారు. ఒకవైపు మూటలు మోసేవాళ్ళు, ఒకవైపు శెట్టి, మధ్యలో కామేశం. నేను చేట పట్టుకొని మూల నిలబడ్డాను.

కామేశం కాగితం చదివాడు. "నేను అక్కడ పడలేదు. పడలేదు." శెట్టి దాన్ని ఆఫీసరుకు అరవంలో చెప్పాడు. "నాన్ అంగె విళలె."

ఆ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి నా చెవిలో పడ్డాయి. విళలె అంటే పడలేదు. పడలేదు... పడి లేదు... చేట చేతిలోంచి జారిపోయింది.

"సార్! నా మొగుడు ఆ మాట అనలే!" అని అరిచాను. "మేము పడలేదు అననే అనం సార్, పడలే అంటాం. ఆయన అనింది 'పడి లేదు' అని. పడి! మెట్లు! ఎక్కేదానికి మెట్లు లేవని చెప్పినాడు!"

తెలుగులో సగం, అరవంలో సగం చెప్పాను. ఆఫీసరు కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. నేను కామేశం వైపు తిరిగాను.

"కామేశంగారూ, మీ బిడ్డల మీద ఆన. నా మొగుడు పడలేదు అన్నాడా, పడి లేదు అన్నాడా?"

ఎక్కమంటే ఎద్దుకు కోపం, దిగమంటే కుంటివాడికి కోపం అన్నట్టయింది కామేశం పని. శెట్టిని చూశాడు, నన్ను చూశాడు, చేతిలో కాగితం చూశాడు.

"పడి లేదు అనే అన్నాడండి" అన్నాడు నెమ్మదిగా. "వీళ్ళ తెలుగు తప్పులతడక కదా, పడలేదు అనబోయి అలా అన్నాడనుకున్నానండి. నేనే... దిద్దానండి."

దిద్దాడట! నా మొగుడి నడుము విరగడం కన్నా వాక్యం విరగడం ఆయనకు పెద్ద బాధ అయింది. అమ్ముడుపోయి ఉంటేనే బాగుండేది, తిట్టడానికి తిట్లైనా ఉండేవి. పండితుణ్ణి ఏమని తిట్టాలో ఆ నిమిషంలో నాకు తోచలేదు.

అయితే శెట్టి కాకినాడనుంచి రాలేదు. ఆయన తాతముత్తాతలూ ఈ వీధివాళ్ళే. ఆ కాగితం చదివిన రోజే మునిరత్నం ఏమన్నాడో ఆయనకు అర్థమైంది. అర్థమయ్యే, ఆ తప్పును నాలుగు నెలలుగా పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు. ఇప్పుడు కూడా తొణకలేదు.

"పడి అంటే కొలపాత్ర గదా సార్" అన్నాడు ఆఫీసరుతో, అరవంలోనే. "ఆ పొద్దు కొలిచే పడి కనబడలేదేమో, దాన్ని గురించి ఏదో అని ఉంటాడు. మెట్లూ గిట్లూ ఈ గిడంగిలో ఎప్పుడూ లేవు. మూటలకంటే గట్టి మెట్లు ఏముండాయి? మా తాత ఎక్కినాడు, మా నాయన ఎక్కినాడు. చిన్నబిడ్డ గూడా ఎక్కుద్ది."

అంతోని ఏదో అనబోయాడు. నేను ముందుకొచ్చాను.

"అయితే శెట్టిగారినే ఎక్కి చూపించమనండి సార్. మూట వద్దు. ఊరికే, చేతులూపుకుంటా ఎక్కమనండి."

నా మనసులో ఏముందో దాచడం ఎందుకు? ఆయన పడాలని. అదే ఎత్తునుంచి, అదే నేల మీద. పైవరసలో రాలిన పప్పు ఊడ్చడానికి నేను ఎన్నోసార్లు ఎక్కాను కాబట్టి నాకు ఒక సంగతి తెలుసు. నెట్టు ఎక్కడం సులువు. పట్టుకోవలసిన అంచు కళ్ళెదురుగా ఉంటుంది. దిగేటప్పుడే చావు. వీపు గాలికి పెట్టి, చూడకుండా, కాలివేళ్ళతో వెతుక్కుంటూ దిగాలి. కూలికి అది అలవాటు. గల్లాపెట్టె ముందు కూర్చునేవాడికి కాలికి వేళ్ళున్న సంగతే గుర్తుండదు.

ఆఫీసరు శెట్టిని చూసి, "చిన్నబిడ్డ ఎక్కుతుందన్నారు కదా, చూపించండి" అన్నాడు.

శెట్టి నవ్వాడు. కండువా తీసి కామేశం చేతికిచ్చాడు, పంచె ఎగగట్టాడు. ఏభై దాటినా గట్టిమనిషే. ఒక్కొక్క అంచూ పట్టుకొని, మధ్యలో రెండుసార్లు ఆగి, ఎక్కేశాడు. పైన నిలబడి, "చూసినారా!" అన్నాడు. ఆయన తల దూలాలకు తగిలేంత ఎత్తులో ఉంది. మూటలు మోసేవాళ్ళు ముఖాలు వేలాడేశారు. నేను మాత్రం తల దించలేదు.

ఆయన వెనక్కి తిరిగాడు. ఒక కాలు కిందికి చాచాడు. ఆ కాలు గాలిలో అటు వెతికింది, ఇటు వెతికింది, మళ్ళీ పైకి పోయింది. బోర్లా పడుకొని ఇంకో కాలు చాచాడు. గోనె మీద మడమ సర్రున జారింది. గబుక్కున పైకి పాకి, మూటను రెండు చేతులా కౌగిలించుకున్నాడు. పొట్టకింద నలిగిన మూటలోంచి నాలుగు పప్పులు రాలి నా కాళ్ళ దగ్గర పడ్డాయి.

ఆఫీసరు "దిగండి" అన్నాడు. పైనుంచి ఎగశ్వాస మాత్రం వినిపించింది.

"అంతోనీ!" అని ఒక్క కేక వేశాడు శెట్టి. గొంతు ఆయనది కాదు. "పడి ఎత్తుకోని రారా! పడి! బిరీన పడి ఎత్తుకోని రా!"

ఆఫీసరు కలం పట్టుకున్నాడు. తెలుగు రాకపోయినా ఆ మాట అతనిదే కదా.

అంతోని కదలలేదు. నావైపు చూశాడు. ఉండు అన్నట్టు నేను చెయ్యి చూపించాను. నెట్టు కిందికి పోయి నిలబడ్డాను. జన్మలో నాకు అంత నెమ్మది ఎప్పుడూ రాలేదు.

"ఏ పడి శెట్టిగారూ? కొలిచేదేనా? అరపడి చాలునా, నిండుపడి కావాల్నా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కామేశం కండువాను నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో, ఏడ్చాడో నేను చూడలేదు.

"మెట్ల పడి మే! చెక్క పడి!"

"అది ఈ గిడంగిలో ఎప్పుడూ లేదంటిరే?"

"ఉండాది! పెరట్లో ఉండాది!"

"ఎవురు తీయించినారు?"

"నేనే. నేనే తీయించినా. నీ కాళ్ళకు మొక్కుతా, తెప్పించమ్మా!"

"నా మొగుడు ఏడ పడినాడు?"

శెట్టి మూటను ఇంకా గట్టిగా కరుచుకున్నాడు. అంత భయంలోనూ లెక్క చూసుకుంటున్నాడు మహానుభావుడు. నేనూ తొందరపడలేదు. ఇంతలో మూట కొంచెం కదిలింది.

"ఈడనే! ఈడనే పడినాడు!"

"తాగినాడా?"

"లేదమ్మా. లేదు. తాగలే."

"అరవంలో చెప్పండి. సారుకు తెలుగు రాదు."

చెప్పాడు. ప్రతి ముక్కా అరవంలో చెప్పాడు. పడి పెరట్లో ఉంది, నేనే తీయించాను, మునిరత్నం ఇక్కడే పడ్డాడు, తాగలేదు. ఆఫీసరు రాసుకుంటూ పోయాడు. అప్పుడు నేను అంతోనికి తల ఊపాను.

అంతోనీ, మూటలు మోసే కన్నియప్పనూ పెరట్లోకి పోయారు. నాలుగు నెలల్లో దాని మీదికి సొరతీగ పాకింది. దాన్ని తెంపేసి, చట్రాన్ని మోసుకొచ్చి నెట్టుకు ఆనించారు. కింద ఇద్దరు పట్టుకుంటేగాని అది నిలవదు. ఒకవైపు అంతోని పట్టుకున్నాడు. రెండోవైపు నేను పోయి పట్టుకున్నాను. నన్ను ఎవరూ వద్దనలేదు.

శెట్టి దిగడం మొదలుపెట్టాడు. మెట్టు మెట్టుకూ ఆ చట్రం వణుకు నా అరచేతుల్లోకి వచ్చింది. ఒక్క ఊపు చాలు. నేను ఆడమనిషిని, బరువాగక చెయ్యి జారిందంటే ఎవరైనా నమ్ముతారు. నాలుగు నెలలు మనసులో చేసిన పని చేతుల్లోకి వచ్చింది. ఆయన మడమలు నా మొహానికి ఎదురుగా వచ్చేదాకా ఆ ఆలోచన నన్ను వదల్లేదు.

ఊపలేదు. జాలిపడ్డానని అనుకోకండి, నాకు జాలి వేయలేదు. ఇప్పుడు ఈయన పడితే రేపటినుంచి వీధివీధంతా ఈయన నడుము గురించే మాట్లాడుకుంటుంది. గుళ్ళో అర్చనలు చేయిస్తారు, పెద్ద డాక్టర్లు వస్తారు, బడిపిల్లలు ప్రార్థన చేస్తారు. నా మొగుడు పడిన సంగతి మాట వరసకు కూడా ఎవరికీ గుర్తుండదు. అది నేను జరగనివ్వను. అందుకని పళ్ళు బిగబట్టి, గట్టిగా పట్టుకున్నాను. ఆయన క్షేమంగా నేల మీద కాలు పెట్టాడు. నన్ను చూడకుండా కామేశం చేతిలోంచి కండువా లాక్కొని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం నేను కొరుక్కుపేటలో మా ఇంటికి నడిచి పోలేదు, ఎగిరి పోయాను. మునిరత్నం మంచం మీద పడుకొని ఉన్నాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను. శెట్టి పంచె ఎలా ఎగగట్టాడో, కాలు గాలిలో ఎలా వెతికాడో, మూటను ఎలా కౌగిలించుకున్నాడో అన్నీ చేసి చూపించాను. గోడకు కరుచుకొని "పడి! పడి!" అని అరిచాను. "అరపడి చాలునా" అన్న దగ్గర మునిరత్నం నవ్వాడు. శివరాత్రి తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి. కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "తాగలేదని అరవంలో గూడా చెప్పినాడా?" అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

నవ్వు తగ్గాక కాసేపు దూలం వైపు చూశాడు.

"పడి పెరట్లోనే ఉండెనా?" అన్నాడు.

"ఆడనే. గోడకు ఆనించి ఉండె. సొరతీగ పాకి ఉండె దాని మీద."

"ఎత్తుకోని వచ్చేదానికి ఎంతసేపు పట్టె?"

నా నోట్లో నవ్వు ఇంకా అలాగే ఉంది. "ఎంతసేపు? వక్క నమిలేంత సేపు గూడా పట్టలే. ఇట్టా పోయినారు, అట్టా తెచ్చినారు" అని చిటికె వేశాను.

చిటికె వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అంతేనా" అన్నాడు మునిరత్నం.

కొంచెం సేపటికి, గోడవైపు తిప్పమని అడిగాడు. ముందు భుజం పట్టి, తర్వాత నడుము కింద చెయ్యి పెట్టి, చివరికి కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి, అతన్ని గోడవైపు తిప్పాను.